ఫ్రాంచైజీ అగ్రిమెంటులో "ఆమోదిత సరఫరాదారు" క్లాజు: రొయ్యలు, డబ్బాలు, నూనె మన ఊళ్లోనే కొనాలంటే ఏం రాయించుకోవాలి?

భీమవరం_టేబుల్9

నమస్కారమండీ. ఓ బిర్యానీ చెయిన్ ఫ్రాంచైజీ అగ్రిమెంటు డ్రాఫ్టు చేతిలో ఉంది, సంతకం ఇంకా పడలేదు. ఔట్‌లెట్ భీమవరంలో. గడువు 5 ఏళ్లు, రాయల్టీ అమ్మకాల మీద 6 శాతం. మిగతా క్లాజులు చూసేశాం, కొనుగోళ్ల క్లాజు దగ్గర బండి ఆగింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను:

"11.3. ముడిసరుకు, ప్యాకింగ్ సామగ్రి, పరికరాలు అన్నీ కంపెనీ దగ్గర గానీ, కంపెనీ ఎప్పటికప్పుడు ఆమోదించిన సరఫరాదారుల దగ్గర గానీ మాత్రమే కొనాలి. వేరే సరఫరాదారుని ప్రతిపాదించవచ్చు. ఆమోదించడం, తిరస్కరించడం పూర్తిగా కంపెనీ ఇష్టం. ఉల్లంఘించిన ప్రతిసారీ 50,000 రూపాయలు డిపాజిట్ నుంచి మినహాయించబడును."

జాబితాలో 64 సరుకులున్నాయి. చికెన్, రొయ్యలు, మసాలా, నూనె, పనీరు, డబ్బాలు, ఆఖరికి నేల తుడిచే ద్రావణం కూడా. రొయ్యలు హైదరాబాదు గోడౌను నుంచి గడ్డకట్టి వస్తాయట. ఇక్కడి చెరువులో రొయ్య హైదరాబాదు వెళ్లి తిరిగి భీమవరం రావాలా? ఈ క్లాజు కొట్టించగలమా?

కాగితం_చూసేవాడు

కొట్టించలేరండి, ఆ పట్టు పట్టకండి. పేరు అరువిచ్చినవాడు రుచి మీద పట్టు వదలడు. ఫ్రాంచైజీలకంటూ మన దేశంలో వేరే చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అందులో 27వ సెక్షన్ వ్యాపారానికి అడ్డుపడే ఒప్పందం చెల్లదంటుంది కదా అని కొందరు ధైర్యం చెబుతుంటారు. గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో 1995లోనే సుప్రీంకోర్టు ఆ దారి ఇరుకు చేసేసింది. ఒప్పందం నడుస్తున్నంత కాలం వేరేవాళ్లతో వ్యాపారం చెయ్యొద్దనే షరతు మామూలుగా 27 కిందికి రాదంది. అది ఫ్రాంచైజీ ఒప్పందం మీద వచ్చిన తీర్పే.

క్లాజు ఉండనివ్వండి. అందులో మూడు మాటలు మార్పించండి.

మొదటిది "అన్నీ". 64 సరుకుల్నీ ఒకే గాట కట్టారు. షెడ్యూలును మూడు ముక్కలు చేయమనండి. బ్రాండు గుట్టు ఉన్నవి (మసాలా పొడి, మారినేడ్) కంపెనీ దగ్గరే కొనాలి, అందులో బేరం లేదు. రెండో ముక్క స్పెసిఫికేషను రాయగలిగినవి: బియ్యం, చికెన్, రొయ్యలు, పనీరు, నూనె, సాదా డబ్బాలు. స్పెక్‌కు సరిపోయేది ఎవరిచ్చినా కొనే వీలుండాలి, ఆమోదం అవసరమైనా సరే. మూడోది ఆమోదమే అక్కర్లేనివి: ఉల్లిపాయలు, నిమ్మకాయలు, పుదీనా, టిష్యూలు, ఫినాయిలు. తాడేపల్లిగూడెం మార్కెట్ పక్కన పెట్టుకుని ఉల్లిపాయకు హైదరాబాదు అనుమతి అడగడం దండగ.

రెండోది "ఎప్పటికప్పుడు". జాబితా మార్చాలంటే 30 రోజుల ముందు రాతపూర్వక నోటీసు, చేతిలో ఉన్న సరుకు అయ్యేదాకా వాడుకునే హక్కు. ఆహార భద్రత కారణమైతే వెంటనే ఆపొచ్చు, కారణం రాయాలి.

మూడోది, అసలైనది, "పూర్తిగా కంపెనీ ఇష్టం". దాని బదులు "సహేతుకమైన కారణం లేకుండా ఆమోదం నిరాకరించరాదు" అని. కింద గడువు, ఫీజు, కారణం చెప్పే బాధ్యత. దారి కాగితం మీద లేకపోతే "ప్రతిపాదించవచ్చు" అన్న మాట ఉన్నా లేనట్టే.

లెక్కల_తాత

రాయల్టీ 6 అని చదివి ఊరుకోకండి. రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 5 శాతం జీఎస్టీ కట్టే రెస్టారెంటుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తిరిగి తగ్గించుకునే వీలు) రాదు. అంటే అది 7.08 శాతం.

ఇప్పుడు సరుకు. నెలకు 10 లక్షల అమ్మకం, సరుకూ ప్యాకింగూ కలిపి 3.8 లక్షలు అనుకుందాం. అందులో 70 శాతం కంపెనీ గోడౌను నుంచి వస్తే 2,66,000. కంపెనీ తన కొనుగోలు ధర మీద 12 శాతం వేసుకుందనుకోండి, ఆ ముక్క 28,500. అమ్మకాల మీద 2.85 శాతం. అసలు పోటు ఇక్కడ, రాయల్టీ క్లాజులో కనిపించనే కనిపించదు. సరఫరాదారుడు కంపెనీకి వెనక నుంచి రిబేటు ఇస్తే అది ఇంకో పొర.

అందుకని రెండు వాక్యాలు రాయించండి. ఒకటి, అదే రకం సరుకు, అదే పరిమాణానికి, డెలివరీతో సహా బయటి ధర కన్నా 5 శాతానికి మించి ఎక్కువ వెయ్యకూడదు. మించితే ఆ సరుకు వరకు బయట కొనుక్కోవచ్చు. రెండు, సరఫరాదారుల నుంచి కంపెనీకి వచ్చే రిబేటు ఎంతో ఏడాదికోసారి చెప్పాలి. మొదటిది ఒప్పుకుంటారు. రెండోదానికి మొహం చిట్లిస్తారు, అయినా అడగండి.

డల్లాస్_నరసాపురం

ఆ రెండోది అమెరికాలో అడగక్కర్లేకుండానే దొరుకుతుంది. ఎఫ్‌టీసీ (అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ) ఫ్రాంచైజ్ రూలు ప్రకారం సంతకానికి ముందు ఇచ్చే వెల్లడి పత్రంలో 8వ అంశం మొత్తం ఇదే: ఎక్కడ కొనాలి, వేరే సరఫరాదారుని ఆమోదించే పద్ధతేమిటి, ఫీజెంత, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, ఆమోదం ఎలా వెనక్కి తీసుకుంటారు, ఈ కొనుగోళ్ల మీద కంపెనీకి ఎంత ఆదాయం. మన దగ్గర అది చట్టం కాదు. ఆ ప్రశ్నల వరసను మాత్రం ఈమెయిల్లో యథాతథంగా అడగొచ్చు.

అక్కడి కోర్టుల్లో కూడా రెండు రకాలూ ఉన్నాయి. 1971 చికెన్ డిలైట్ కేసులో కుక్కర్లు, ప్యాకింగ్ తన దగ్గరే కొనాలని కంపెనీ పెట్టిన షరతు నిలవలేదు. 1977 కెంటకీ ఫ్రైడ్ చికెన్ కేసులో ఆమోదిత సరఫరాదారుల పద్ధతి నిలిచింది. "నా దగ్గరే కొను" అనడానికీ, "ఈ నాణ్యత ఉన్నవాడి దగ్గర ఎక్కడైనా కొను" అనడానికీ ఉన్న దూరమే ఆ రెండు తీర్పుల మధ్య కనిపిస్తుంది.

భీమవరం_టేబుల్9

మరి ఇక్కడ కాంపిటీషన్ కమిషన్‌కు వెళితే?

కాగితం_చూసేవాడు

2002 కాంపిటీషన్ చట్టం 3(4)లో టై-ఇన్, ఎక్స్‌క్లూజివ్ డీలింగ్ (ఒకటి కావాలంటే ఇంకోటీ కొనాలనడం, వేరేవాళ్లతో వ్యాపారం వద్దనడం) ఉన్న మాట నిజమే. కానీ అవి ఉన్నంత మాత్రాన తప్పు కాదు. మార్కెట్లో పోటీకి చెప్పుకోదగ్గ దెబ్బ తగిలిందని 19(3) అంశాల ప్రకారం తేలాలి. బిర్యానీ మార్కెట్లో ఒక చెయిన్ వల్ల పోటీ చచ్చిపోయిందని ఎవరు నమ్ముతారండీ? పైగా 3(5) ట్రేడ్‌మార్కును కాపాడుకోవడానికి పెట్టే సహేతుక షరతులను వదిలేస్తుంది. ఒక ఔట్‌లెట్ కొనుగోలు గొడవకు అది చోటు కాదు.

50,000 సంగతి వేరు. కాంట్రాక్టు చట్టం 74 ప్రకారం రాసుకున్న మొత్తం పైపరిమితి మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారమే వస్తుంది. కాకపోతే డిపాజిట్ వాళ్ల చేతిలో ఉంది, ముందు కోసుకుంటారు, తర్వాత మీరే తిరగాలి. "15 రోజుల నోటీసు ఇచ్చి, జవాబు విన్నాకే మినహాయించాలి" అని రాయించండి. ఆర్బిట్రేషను క్లాజులో ఏకైక ఆర్బిట్రేటర్ను కంపెనీ ఎండీయే నియమిస్తాడని ఉంటే అదీ మార్పించండి. వివాదంలో ఆసక్తి ఉన్నవాడు అలా ఒంటరిగా నియమించడం కుదరదని 2019 పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు.

కాకినాడ_కోల్డ్‌చెయిన్

కంపెనీ వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా. రొయ్యల ప్రతిపాదనలు ఎక్కువగా ఎందుకు తిరిగొస్తాయో చెబుతాను.

ముందు కౌంటు. చెరువు గట్టు మీద 60 కౌంటంటే తలతో సహా కిలోకు 60 రొయ్యలు. ఫ్రోజెన్ ప్యాకెట్ మీద 41/50 అంటే ఒలిచినవి పౌనుకు 41 నుంచి 50. పౌను 454 గ్రాములు. తలతో 60 కౌంటు రొయ్య ఒక్కోటి దాదాపు 16.7 గ్రాములు. తల, పొట్టు పోగా 55 శాతం మిగిలితే 9.2 గ్రాములు, అంటే పౌనుకు 49. 60 కౌంటు అడిగితే 41/50 అంచున పడుతుంది. ఆ లెక్క తెలియక "మీది 41/50, మాది 60, చిన్నవి కదా" అని గదమాయించుకునేవాళ్లున్నారు, రెండూ ఒకటే సైజు.

తర్వాత గ్లేజు. ఫ్రోజెన్ రొయ్య చుట్టూ ఐసు పొర ఉంటుంది. 20 శాతం గ్లేజంటే కిలో ప్యాకెట్లో రొయ్య 800 గ్రాములు. స్పెక్‌లో "డీగ్లేజ్ చేసిన నికర బరువు" అని లేకపోతే ఐసుకు రొయ్య ధర కడతారు. చూసే పద్ధతి తేలిక: ప్యాకెట్ తూచండి, చల్లటి నీటి ధార కింద పైన ఐసు కరిగేదాకానే ఉంచండి, లోపల రొయ్య గడ్డగానే ఉండాలి. జల్లెడ ఏటవాలుగా పెట్టి రెండు నిమిషాలు వార్చి మళ్లీ తూచండి. పూర్తిగా కరిగిపోయేదాకా ఉంచితే రొయ్యలోని నీరు కూడా పోయి లెక్క తప్పుతుంది. ఒలిచిన రొయ్య మరీ గాజులా మెరుస్తూ, వేయించగానే నీళ్లొదిలి ముడుచుకుపోతుంటే నీరు పట్టి బరువు పెరగడానికి ఫాస్ఫేటులో నానబెట్టారేమో అడగండి.

ఇక అసలు కారణం యాంటీబయోటిక్ అవశేషాలు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు నిషిద్ధం. కంపెనీ ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (అవశేషాన్ని కచ్చితంగా తేల్చే ల్యాబు పరీక్ష) రిపోర్టు అడుగుతుంది. ఎలీసా పరీక్ష వడపోతకే పనికొస్తుంది, దాన్ని తుది రిపోర్టుగా తీసుకోరు. ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండడం వేరు, మీరు చేయించిన పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉండడం వేరు. పరిధిలో లేని పరీక్షకు రిపోర్టు మీద ఎన్ఏబీఎల్ ముద్ర పడదు. ముద్ర లేని రిపోర్టు వెనక్కొస్తుంది, డబ్బు పోయినట్టే. శాంపిల్ ఇచ్చే ముందే ల్యాబు స్కోపు కాగితం అడగండి.

ఏ రోజుకారోజు ఏ చెరువు దొరికితే ఆ చెరువు రొయ్య కొంటామంటే ఏ కంపెనీ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. చెరువు వారీగా లాటు పరీక్ష చేసే ప్రాసెసింగ్ ప్లాంటును ప్రతిపాదించండి. భీమవరం చుట్టుపక్కల ఎగుమతి ప్లాంట్లకు కొదవ లేదు. వాళ్లకు ఆ రిపోర్టులు మామూలే.

లెక్కల_తాత

ఆ లెక్క పూర్తి చేస్తాను, ధరలు ఊహకే. జాబితా రొయ్య కిలో 620, జీఎస్టీ 5 శాతంతో 651, గ్లేజు 20 శాతం తీస్తే నికర కిలో 813.75. ఇక్కడ తలతో 330, 55 శాతం రాబడికి 600, ఒలుపు కూలీ 40, ఐసు రవాణా 15, మొత్తం 655. తేడా 158.75. నెలకు 400 కిలోలకు 63,500. లాటు పరీక్షకు 8,000 చొప్పున నాలుగు లాట్లైతే 32,000 పోయి 31,500 మిగులుతుంది. నెలకు 150 కిలోలే వాడితే మిగిలేది 23,800, పరీక్షలకే అంతకు మించి పోతుంది. మీ వాడకం ఎంతో చూసుకోకుండా ఈ యుద్ధం మొదలెట్టకండి.

అంబాజీపేట_కొబ్బరి

సరఫరా చేసేవాడి వైపు నుంచి. కొబ్బరి పొడి గానీ, పనీరు గానీ, ఏదైనా ఫైలు ఒకలాగే ఉంటుందండి.

మొదట ఫుడ్ లైసెన్సు. 14 అంకెల నంబరు ఆహార భద్రత సంస్థ ఫోస్కోస్ పోర్టల్లో కొట్టి చూస్తారు. లైసెన్సులో వ్యాపారం రకం "ట్రేడర్" అని ఉండి, సరుకు మాత్రం సొంతంగా తయారు చేసి పంపుతుంటే ఫైలు అక్కడే ఆగుతుంది. తయారీదారు లైసెన్సులో ఆ సరుకు పేరు కూడా ఉండాలి. తర్వాత నీటి పరీక్ష (ఐఎస్ 10500), పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు, పురుగుల నివారణ రికార్డు, బ్యాచి నంబరు వేసే పద్ధతి, సరుకు వెనక్కి పిలిచే విధానం. డబ్బాలు, కవర్లు ఇచ్చేవాళ్లయితే ఐఎస్ 9845 మైగ్రేషన్ (ప్లాస్టిక్ నుంచి తిండిలోకి దిగే పదార్థం) రిపోర్టు, పరిమితి చదరపు డెసీమీటరుకు 10 మిల్లీగ్రాములు. లోగో ముద్రించే డబ్బాకు ఇది కాక కంపెనీ ఆర్ట్‌వర్క్ అనుమతి విడిగా కావాలి. అది ట్రేడ్‌మార్కు సంగతి, వాదించకండి.

పనీరైతే తేమ 60 శాతానికి మించకూడదు, ఎండు పదార్థంలో పాల కొవ్వు 50 శాతానికి తగ్గకూడదు. ఇవి అందరికీ తెలిసిన అంకెలే, పడిపోయేది బ్యాచికీ బ్యాచికీ మధ్య తేడా దగ్గర. శాంపిలు ఎప్పుడూ పెళ్లిచూపుల ముస్తాబులోనే వస్తుంది కదా. అందుకే మూడు వేరు వేరు రోజుల బ్యాచిలు అడుగుతారు, ఒక్కోదాంట్లో కొంత సీలు వేసి దాచుకుంటారు. మీరూ ఒక సీలు ముక్క దాచుకోండి. రేపు "మీ సరఫరాదారు సరుకు మారింది" అన్నప్పుడు పోల్చడానికి పనికొస్తుంది.

ఆమోదం వచ్చాక లేఖ మళ్లీ చదవండి. ఆమోదం సరఫరాదారుకు కాదు, ఆ ప్లాంటులో తయారైన ఆ సరుకుకు. అదే వ్యాపారి రెండో షెడ్డు నుంచి పంపితే ఉల్లంఘనే. గడువు తేదీ కూడా ఉంటుంది, ఏడాది దాటితే మళ్లీ మొదటికి.

ఇంకోటి, చిన్న యూనిట్ల తరఫున. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న తయారీదారుకు ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. "కంపెనీ ఆడిట్ అయ్యాక ఇస్తాం" అంటే వడ్డీ పడుతుంది, అదీ రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు.

గోదారి_గట్టు

అత్యవసర కొనుగోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. బండి రాని రోజు ఏం చేస్తారు? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు, ఎగరేస్తే ఆటోమేటిగ్గా స్థానికంగా కొనే హక్కు వచ్చేలా రాయించండి. జులై, ఆగస్టుల్లో పనికొస్తుంది.

కాకినాడ_కోల్డ్‌చెయిన్

గట్టు గారూ, అది వినడానికి బావుంది గానీ పనిచెయ్యదు. రెండో హెచ్చరిక ఉన్నా భీమవరానికి లారీ వచ్చేయొచ్చు. ఏ హెచ్చరికా లేని రోజు రీఫర్ (శీతల లారీ) కంప్రెసర్ పాడై సరుకు కరిగిపోనూ వచ్చు. షరతు సరుకు అందకపోవడానికి కట్టండి: "ఒప్పుకున్న డెలివరీ సమయం దాటి 24 గంటలైనా రాకపోతే, లేదా వచ్చిన ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీలకు బదులు మైనస్ 12 కన్నా వెచ్చగా ఉండి వెనక్కి పంపితే". థర్మామీటరు పెట్టెల మధ్య దూర్చి, అంకె కనిపించేలా ఫొటో తీసి, డ్రైవర్ సంతకంతో చలానా మీద రాయండి. అది లేకపోతే "మీ ఫ్రీజర్లోనే కరిగింది" అంటారు.

గోదారి_గట్టు

ఆయ్, 24 గంటల మాటే బావుందండి. కోళ్ల సంగతి మాత్రం విడిగా రాయాల్సిందే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చుట్టూ కిలోమీటరు ఇన్ఫెక్టెడ్ జోను, 10 కిలోమీటర్లు నిఘా జోను పెట్టారు. ఒకే చికెన్ సరఫరాదారు జాబితాలో ఉంటే, వాడి ఫారం ఆ గీత లోపల పడితే, మెనూలో సగం ఆగుతుంది. చికెన్‌కూ గుడ్లకూ కనీసం ఇద్దరు, వేరు వేరు జిల్లాల నుంచి జాబితాలో ఉండాలని కంపెనీ మీదే బాధ్యత పెట్టండి.

కాగితం_చూసేవాడు

అత్యవసర కొనుగోలుకు హద్దులు మీరే పెట్టండి, అప్పుడు ఒప్పుకుంటారు. 72 గంటలకు మించి సరిపడా సరుకు కొనకూడదు, లైసెన్సు ఉన్నవాడి దగ్గరే కొనాలి (లైసెన్సు షరతుల్లో అది ఎలాగూ ఉన్నదే), కొన్న 12 గంటల్లో బిల్లు ఫొటో పంపాలి, మసాలా ముక్క మాత్రం దీనికి వర్తించదు.

దొంగచాటుగా కొంటే తెలియదనుకునేవాళ్లకు ఒక మాట. ప్లేటుకు 120 గ్రాముల రొయ్య అని రెసిపీలో ఉంది, బిల్లింగ్ మెషీన్లో ప్లేట్లు ఎన్నో ఉన్నాయి, గోడౌను ఇన్‌వాయిసుల్లో కిలోలు ఉన్నాయి. 1,000 ప్లేట్లకు 120 కిలోలు పడాలి. మీరు 80 కొన్నట్టు కనిపిస్తే ఆడిటర్ రానక్కర్లేదు.

ఇక నష్టపరిహారం క్లాజు. ఆహార లైసెన్సు మీ పేరు మీద. ఆమోదిత సరఫరాదారు పంపిన సీలు ప్యాకెట్లోనే తప్పుంటే కూడా ఇన్‌స్పెక్టర్ ముందు మీ దగ్గరికే వస్తాడు. డ్రాఫ్టుల్లో మాత్రం "కంపెనీకి కలిగే నష్టమంతా ఫ్రాంచైజీ భరించాలి" అనే ఉంటుంది. దాన్ని తిప్పించండి: ఆమోదిత సరుకు, సీలు తీయకముందే దోషం, మీ ఉష్ణోగ్రత లాగు సరిగ్గా ఉంటే బాధ్యత కంపెనీది. ప్రతి సరఫరాదారు బిల్లు మీద ఫారం-ఇ వారంటీ (సరుకు నాణ్యతకు అమ్మినవాడి హామీ) రాయించుకోవడం మర్చిపోవద్దు. నూనె మీద మాత్రం ఈ వాదన చెల్లదు. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టేవి) 25 శాతం దాటితే ఆ తప్పు మూకుడు దగ్గరున్నవాడిదే, డబ్బా ఎవరు పంపినా.

ఒప్పందం ముగిసే రోజుకు లోగో డబ్బాలు మిగులుతాయి. అవి బయట అమ్మలేరు, వాడలేరు. కొన్న ధరకు కంపెనీ వెనక్కి తీసుకోవాలని ఒక లైను.

భీమవరం_టేబుల్9

అందరి మాటలూ కలిపి 11.3 ఇలా తిరగరాశాను. చూసి తప్పులు చెప్పండి:

"రెండో భాగం సరుకులకు వేరే సరఫరాదారుని రాతపూర్వకంగా ప్రతిపాదించవచ్చు. కంపెనీ 7 రోజుల్లో స్పెసిఫికేషను, పరీక్షల జాబితా ఇవ్వాలి. పూర్తి దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఆమోదం గానీ, కారణంతో తిరస్కారం గానీ చెప్పాలి. పరీక్ష, తనిఖీ ఖర్చు అసలు బిల్లుల ప్రకారం, ప్రతిపాదనకు 25,000 మించకుండా. గడువులోపు జవాబు రాకపోతే ఆమోదించినట్టే."

కాగితం_చూసేవాడు

ఆఖరి వాక్యం వాళ్లు కొట్టేస్తారు. పరీక్షించని సరుకు నోరు మూసుకున్నందుకే ఆమోదం పొందడం ఎవరికీ మింగుడు పడదు. ఇలా మార్చండి: "జవాబు రాకపోతే, పరీక్షలు నెగ్గిన సరుకుకు 60 రోజుల తాత్కాలిక ఆమోదం, నెలవారీ వాడకంలో సగానికి మించకుండా." ఇది నడుస్తుంది.

"పూర్తి దరఖాస్తు" అన్న మాట కూడా కాస్త చూసుకోండి. పూర్తయిందో లేదో చెప్పేది వాళ్లే అయితే 30 రోజులు ఎప్పటికీ మొదలవవు. "అందిన 5 పనిదినాల్లో లోటేమిటో చెప్పకపోతే పూర్తయినట్టే" అని కలపండి.

లెక్కల_తాత

25,000 ఒక్కో ప్రతిపాదనకా, ఒక్కో సరుకుకా? ఒకే ప్లాంటు నుంచి రెండు సైజుల రొయ్య అడిగితే రెండుసార్లు కట్టించుకుంటారు. "ఒకే ప్లాంటు, ఒకే తనిఖీ, ఒకే ఫీజు" అని స్పష్టంగా రాయండి.

అంబాజీపేట_కొబ్బరి

నోటీసుల క్లాజు చూశారా? చాలా డ్రాఫ్టుల్లో రిజిస్టర్డ్ పోస్టు మాత్రమే చెల్లుతుందని ఉంటుంది. మీరు ఈమెయిల్లో పంపుకుంటూ కూర్చుంటే రోజుల లెక్కే మొదలవదు.

భీమవరం_టేబుల్9

ఇప్పుడే తీసి చూశానండి. 24.1లో అచ్చంగా రిజిస్టర్డ్ పోస్టే ఉంది. ఈమెయిలు కూడా కలపమని, పైన చెప్పిన మూడు మార్పులతో కలిపి రేపు వాళ్ల లీగల్ వాళ్లకు పంపుతున్నాను.